క్షమాపణలో ఏ ‘న’

మణుగూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ ఒడిలో కాగితం పెట్టుకుని ఏదో రాస్తోంది. ఆమె చెంప వాచి ఉంది.

“తాతా, క్షమాపణల ఏ ‘న’ వస్తది?”

బడి మొహం చూడకుండా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఎవరైనా అడిగితే ఉబ్బిపోతాను. ‘ణ’ రాసి చూపించాకే అడిగాను.

“ఎవరికి బిడ్డా?”

“పేషెంటు కొడుక్కు. డాక్టర్ జల్దీ రాలేదని నన్ను కొట్టిండు. రాసియ్యకపోతే డ్యూటీకి రావద్దన్నడు మా సారు.”

“దెబ్బ తిన్నది నువ్వు గదా?”

“అవ్. తప్పుల్లేకుండ రాయమన్నడు.”

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం చించేయాలనిపించింది. ఆమె దాన్ని నా చేతికే ఇచ్చి, “ఇంకేమన్న తప్పులున్నయా సూడు తాతా” అంది.

ఒకచోట దీర్ఘం తప్పిపోయింది. దిద్ది ఇచ్చాను. ఎందుకు దిద్దానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.