రోజుకు ఐదు మగ్గులు

దక్షిణ సూడాన్‌లోని మా చౌకీకి మధ్యాహ్నం 13:10కి చేరాం. ఎండ నలభై మూడు డిగ్రీలు. చుట్టూ ఇసుక మూటల గోడ, ఒక రేకుల గది, ఒక గేటు. పక్కన ఎండిపోయిన వాగు. శాంతి సేన తరఫున మేం తొమ్మిది మందిమి. పదోవాడు దుబాసీ, అక్కడి మనిషే. అంతకు ముందు వచ్చి వెళ్లిన మన పటాలాల దగ్గర హిందీ నేర్చుకున్నాడు. గేటుకు రెండు వందల గజాల దూరంలో అతని గుడిసె. భార్య కడుపుతో ఉంది.

నాకు స్టోరు అప్పగించారు. అందులో ముఖ్యమైనది రబ్బరు నీళ్ల సంచి. పరుపంత ఉంటుంది. మరో దేశపు సైన్యం వదిలి వెళ్లింది. పైన '50 గ్యాలన్లు' అని ముద్ర. కొలవడానికి పదహారు ఔన్సుల మగ్గు, అమెరికా సరుకు. గోడ మీద ఎవరో అంటించిన కాగితం: గ్యాలన్‌కు 128 ఔన్సులు. లీటర్ల మాటే లేదు. నేనేం బెదరలేదు. మా ఊరు చొప్పదండిలో మా బాపుది పాల సెంటరు. అవ్వ సోల, తవ్వ, మానెడు అని కొలిచేది. "కొలత తప్పినోని మాట ఎవడు నమ్మడు బిడ్డా" అనేవాడు బాపు. కొలతల్లో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు.

మూడో నెలలో రోడ్డు మీద కాల్పులు మొదలయ్యాయి. ఆ పొద్దుటే ట్రక్కు వచ్చి సంచిని అంచుదాకా నింపి వెళ్లింది. ఊరి బోరింగు అప్పటికే ఎండిపోయింది. బేస్ నుంచి రేడియోలో ఆర్డర్: ఎనిమిది రోజులు ఓర్చుకోండి. సుద్దముక్కతో గోడ మీద లెక్క వేశాను. యాభై గ్యాలన్లు, 6,400 ఔన్సులు. పది మంది, ఎనిమిది రోజులు. మనిషికి రోజుకు ఎనభై ఔన్సులు, అంటే ఐదు మగ్గులు. చుక్క మిగలదు.

"కచ్చితమేనా?" అన్నాడు సుబేదార్ సాబ్.

"కచ్చితం సాబ్."

నాలుగో రోజు దుబాసీ భార్య ప్రసవించింది. ఆడపిల్ల. ఐదో రోజు పొద్దున 06:00కి వాటాలు పోస్తున్నాను. దుబాసీ తన ఐదు మగ్గులూ డబ్బాలో పోయించుకుని అక్కడే నిలబడ్డాడు.

"భాయ్, ఆమెకు జ్వరం. పాలు పడటం లేదు. రోజుకు రెండు మగ్గులు ఎక్కువ ఇవ్వగలవా?"

గోడ మీది లెక్క చూపించాను. లేవన్నాను. అతను డబ్బా పట్టుకుని ఇంటివైపు నడిచాడు.

మా రేడియో ఆపరేటర్ ఉట్నూర్ వాడు. అంతా చూస్తున్నాడు.

"గా మనిషి తన నీళ్లన్ని పెండ్లానికే పోస్తుండు. నీకు కనవడ్తలేదా?"

"కనవడ్తుంది."

"మరి జర ఎక్కువ పొయ్యరాదు?"

"యాడికెల్లి తేవాలె? ఎనిమిదో దినం అందరం ఎండాలె."

"నా దాంట్లకెల్లి తియ్యి."

"నువ్వు పడిపోతే సెట్టు ఎవడు పడ్తడు? నీది నువ్వు తాగు."

"నీది గుండెనా, బండనా?" అని లేచి పోయాడు. ఆ సాయంత్రం తన వాటాలో అర మగ్గు దుబాసీకి పోస్తుంటే చూశాను. చూసి ఊరుకోలేదు, సుబేదార్ సాబ్‌కు చెప్పాను. మర్నాటి నుంచి ఎవరి నీళ్లు వాళ్లు నా ఎదుటే తాగాలని ఆర్డర్ వచ్చింది. దుబాసీని మాత్రం ఆపలేకపోయాను. అతను డబ్బాతోనే వెళ్లేవాడు.

ఏడో రోజు 14:20కి గేటు దగ్గర కూలిపోయాడు. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు.

"బేస్, దుబాసీ పడిపోయాడు. డాక్టర్ కావాలి."

"రోడ్డు తెరవలేదు. నీళ్లు పట్టండి."

రెండు మగ్గులు నింపుకుని పరుగెత్తాను. పళ్లు బిగుసుకుపోయాయి. పోసిన నీళ్లు మెడ మీదుగా కారిపోయాయి. 16:05కి ప్రాణం పోయింది.

ఎనిమిదో రోజు అతని వాటాలో ఆ రెండు మగ్గులు పోను మూడు అతని భార్యకు పంపాను. తొమ్మిదో రోజు 07:30కి ట్రక్కు వచ్చింది. లెక్క ప్రకారం ఖాళీ అయిన సంచి మడత పెడదామని వంగాను. సంచి లేవలేదు. లోపల నీళ్లు కదిలాయి. అంచు తిప్పి చూస్తే, కింది మడతలో మరో ముద్ర, చిన్న అక్షరాల్లో: బ్రిటిష్ గ్యాలన్లు. అవి పెద్దవి. అవి యాభై అంటే అమెరికా గ్యాలన్లు అరవై. పదికి పైనే మిగిలాయి. ఒక మనిషికి పదహారు రోజుల నీళ్లు. అతను అడిగింది రోజుకు రెండు మగ్గులు.

ఆపరేటర్‌కు చూపించాను. సంచి మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు.

"ఆమెకు చెప్తవా?"

"చెప్పాలె."

"చెప్తె ఆయన లేచొస్తడా? నీళ్లన్న పొయ్యి."

చౌకీలో ఉండిపోయిన భర్త బట్టల కోసం ఆమె వచ్చింది. పసిపిల్లను వీపుకు కట్టుకుంది. చేతిలో అదే డబ్బా. దాని నిండా ఆ సంచి నీళ్లే పోశాను. చెప్పాల్సింది చెప్పకుండా డబ్బా చేతికిచ్చాను. పిరికివాణ్ణి. సుబేదార్ సాబ్‌కు మాత్రం ఆ పూటే చెప్పాను. ఆయన గోడ మీది లెక్క వంక చూసి, తుడిచెయ్యమన్నాడు.

మరో మూడు నెలలకు ఇంటికి వచ్చాను. ఆ తర్వాత రెండేళ్లకు ఫౌజు వదిలేశాను. చొప్పదండిలో ఇప్పటికీ అడుగుతారు, "ఆడ ఎవల్నన్న సంపినవానే?" అని. ఒక్క గుండు కూడా పేల్చలేదంటాను. మంచిగైందంటారు. నేను లేచి లోపలికి పోతాను.

నీళ్లు పోసిన ఆ రోజు ఆమె డబ్బా తలకెత్తుకుంది. గేటు దాకా పోయి ఆగింది. తల కదిలించకుండా మనిషంతా నా వైపు తిరిగి, మొగుడు నేర్పిన హిందీలో, "చాలా మేలు చేశావు భాయ్" అంది.