బండను తట్టి విన్న సారు

మా ప్రొఫెసర్ సారు ఇక లేరని సోమవారం పొద్దున వికారాబాద్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నాకు మొదట తట్టిన మాట: అయ్యో, బండ ఎక్కడ పగిలిందో సారుకు ఇంకా చెప్పనే లేదు!

కంటికి ఆనని రేణువు నుంచి ఇంట్లో పరిచే బండ దాకా, ఒకే రాయిని అన్ని కొలతల్లో చదవడమే ఆయన జీవితకాలపు పరిశోధన. "చిన్నది చెప్పేది పెద్దది వింటదా అని చూసుడే మన పని" అనేవారు. టీ గ్లాసునైనా గోటితో తట్టి, విన్నాకే తాగేవారు.

రెండేళ్ల కింద, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నన్ను తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌కు తీసుకెళ్లారు. బరువు పెడితే బండ సరిగ్గా నడుమ విరుగుతుందని నా కంప్యూటర్ లెక్క. అక్కడి మేస్త్రి చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టాడు.

"నడుమ గాదు బిడ్డా. గీడ, జానెడు ఇవతల పలుగుతది."

"ఎట్ల చెప్తవ్?" అన్నాను.

"అది చెప్పింది, నేను విన్న."

రెండు దిమ్మెల మీద బండ పెట్టి ఇసుక బస్తాలు పేర్చాం. జానెడు ఇవతలే ఫట్‌మంది! తిరుగు బస్సులో, పీహెచ్‌డీ మానేస్తానన్నాను. సారు మాత్రం సీట్లో నిలకడగా కూర్చోలేకపోతున్నారు.

"మానేస్తవా? అరె, మస్తు తప్పు జేసినం మనం! గింత మంచి తప్పు మల్ల దొరుకుతదా?"

మర్నాడు క్లాసులో బోర్డు మీద రాశారు: 'మేస్త్రి గెలిచిండు.'

ఆ తప్పు వెంటే పడ్డాను. నా లెక్కలో లేనిది, రాతిలో వెంట్రుకంత మట్టిపొర. దాన్ని లెక్కలో కలిపి, మొన్న శనివారం కొత్త బండ మీద విరిగే చోట చాక్‌పీసుతో గీత గీశాను. మేస్త్రి తట్టి, విని, నా గీత మీదే వేలు పెట్టాడు. బస్తాలు పడ్డాయి. గీత వెంబడే విరిగింది! నేను గంతులేశాను. సోమవారం ఆ ముక్కతోనే సారు ముందుకు వెళ్లాలని ఫోన్ కూడా చేయలేదు.

ముక్కతోనే వెళ్లాను. ఆయన కూతురు చూసి, "నిన్న గూడ అడిగిండు నాన్న, బండ ఏమన్నదో అని" అంది. దాన్ని ఆయన బల్ల మీద పెట్టాను. అంచున చాక్ గీత ఇంకా తెల్లగా ఉంది.

మధ్యాహ్నానికి తాండూరు నుంచి మేస్త్రి వచ్చాడు. దండం పెట్టి, అలవాటు కొద్దీ ముక్కను గోటితో తట్టాడు. ఖంగుమంది. గదిలో ఏడుస్తున్నవాళ్లందరం ఒక్కసారి ఆగి, చెవి అటు పెట్టాం.