యాభై గ్రాముల మెట్టు

మా మేనత్త నగల దుకాణంలో తూకం చూస్తుంది. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఎవరేం చెప్పినా తూచి చూస్తేగాని ఆమె మనసు కుదుటపడదు. ఇంటికొచ్చిన ఉల్లిపాయల్ని కూడా మళ్లీ తూస్తుంది. అందుకే మేమంతా ఆమెను తూకాలత్త అంటాం, ఎదురుగానే.

అలాంటి మనిషి యాభై దాటాక పియానో నేర్చుకుంటానంది. రెండేళ్లు పంతులమ్మ ఇంట్లో, అరిగిపోయిన కీబోర్డు మీద నేర్చుకుంది. ఏటా పంతులమ్మ శిష్యులు ఒక హాల్లో అసలు పియానో మీద వాయిస్తారు. రెండుసార్లూ అత్తకు చోటు దొరకలేదు. ఈ ఏడు ఇంట్లో సాధన చేస్తే చూద్దామంది పంతులమ్మ. అందరి నగలూ చూసి పంపడమే తప్ప తనను చూడ్డానికి ఎవరూ వచ్చింది లేదని, జీవితంలో ఒక్కసారి ఆ హాల్లో వాయించాలని ఉందని అత్త నాతో అంది. అప్పుడు నవ్వలేకపోయాను.

కీబోర్డు కొనడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదాని మెట్లు, అంటే వేళ్లతో నొక్కే పలకలు, స్ప్రింగుల మీద లేస్తాయి. రెండోది వెయిటెడ్. దాని మెట్ల వెనక చిన్న సుత్తులుంటాయనీ, అసలు పియానోలాగే బరువుగా ఉంటుందనీ దుకాణదారు చెప్పాడు. అత్త వింటేనా! కాటాను సరిచూసే చిన్న తూకపు రాళ్లు సంచిలోంచి తీసి మెట్ల మీద పేర్చింది. అతను నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెయిటెడ్ మెట్టు యాభై గ్రాములకు దిగింది. స్ప్రింగు మెట్టు అడుగుదాకా దిగడానికీ దాదాపు అంతే పట్టింది. రెండూ ఒకటేనని తేల్చేసి చవకైన స్ప్రింగుదే తెచ్చుకుంది.

మూడు వారాలు వదలకుండా సాధన చేశాక, ఎవరికి చోటివ్వాలో తేల్చడానికి హాల్లో పియానో మీద పరీక్ష. పాట చివర నాలుగు స్వరాలు గుసగుసలా పలకాలి. అత్త వేళ్లు ఆడాయి, మెట్లు దిగాయి, రెండు స్వరాలు మాత్రం పలకనే లేదు. మళ్లీ వాయిస్తే మూడు పోయాయి. పంతులమ్మ జాబితాలో పేరు రాయకుండానే పెన్నుకు మూత పెట్టేసింది.

అత్త లేవలేదు. యాభై గ్రాముల రాయి తీసి మెట్టు మీద ఉంచింది. మెట్టు నిదానంగా అడుగుదాకా దిగింది. శబ్దం రాలేదు.

"బరువు సరిపోయిందిగా, మరెందుకు పలకలేదండీ?" అని అడిగింది. తగవుకు కాదు, నిజంగానే తెలియక.

పంతులమ్మ పియానో మూత ఎత్తి చూపించింది. మెట్టు చురుగ్గా దిగితే లోపల సుత్తి ఎగిరి తీగను కొడుతుంది. నిదానంగా దిగితే తీగదాకా వెళ్లకుండానే వెనక్కి పడుతుంది. అత్త పావుగంటసేపు తల లోపలికి పెట్టి ఒక్కో మెట్టూ నొక్కి చూసింది. ఓడిపోయిన సంగతే మరిచిపోయింది. స్ప్రింగు మెట్టయితే ఎలా నొక్కినా ఏదో ఒకటి పలికి తనను మోసం చేసిందని అప్పుడర్థమైంది.

"ఇన్నాళ్లూ నొక్కాలనుకున్నానే. సుత్తిని విసరాలట," అంది నాతో.

పంతులమ్మకు ముచ్చటేసిందో జాలేసిందో, నెల గడువిచ్చింది. దుకాణదారు సణుక్కుంటూనే తేడా డబ్బు తీసుకుని, కీబోర్డు మార్చి వెయిటెడ్ ఇచ్చాడు. మొదటి వారం ఉంగరపు వేలు ఎంత నొప్పెట్టిందంటే, అత్త గరిటె పట్టుకోలేకపోయింది. వంట నా నెత్తిన పడింది. అయినా ఆ నాలుగు స్వరాలూ రోజూ పలకాల్సిందే, నేను వినాల్సిందే.

నెల తర్వాత హాల్లో మళ్లీ అదే పాట. చివరికొచ్చేసరికి నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నీ వినిపించాయి.

"రెండోది కొంచెం తక్కువైంది," అంది పంతులమ్మ.

"ఎంత తక్కువండీ?"

పంతులమ్మ జాబితాలో ఏదో రాసి, ఆ కాగితం అత్త చేతికే ఇచ్చింది. అత్త వచ్చి నా పక్కన కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. ఆమె కళ్లు నిండిపోయాయి.

"నాకు కనిపించట్లేదే. నా పేరేనా, చదివి చెప్పు," అంది.