రాజక్క అందరికీ చెప్పేసిన మాట

మొన్న మొరప్పూరు నుంచి బస్సులో వస్తుంటే, ధర్మపురి దగ్గరపడగానే ఉడుకుతున్న పట్టుగూళ్ల వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. గూళ్లలో పురుగులు ఉడికే ఆ వాసన అలవాటు లేనివాళ్లకు పడదు. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ ఇంకాస్త తెరిచాను. నాకది రాజక్క వాసన.

ఎనభైల మొదట్లో, మా ఆయన కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, ధర్మపురి నుంచి చెట్టికరై పోయే దారిలో ఉన్న పట్టుదారం షెడ్డులో పనికి చేరాను. మరిగే నీళ్లతొట్టిలో గూళ్లు వేసి, వేళ్లతో దారపు కొసలు పట్టి రాట్నానికి ఎక్కించాలి. మొదటి రోజే నా వేళ్లు బొబ్బలెక్కాయి. పక్క తొట్టి దగ్గరున్న రాజక్క నా చెయ్యి లాగి చన్నీళ్ల చెంబులో ముంచింది. "కండ్లనీళ్లు తొట్లో పడనీయొద్దు మే, దారం ఉప్పగా అయిపోతుంది" అంది. ఏడుస్తూనే నవ్వేశాను. భర్త పోయాక ఇద్దరాడపిల్లలనూ అత్తనూ ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ షెడ్డులో నాకు దొరికిన చుట్టం ఆమే.

తొట్ల దగ్గర అందరం ఆడవాళ్లమే. ఒక ఏడాది శేఖర్ అనే అతను చేరాడు. పని నేర్పింది రాజక్కే. నెల తిరగకముందే, టీ తాగుతూ తన రోజుకూలి ఎంతో మామూలుగా చెప్పేశాడు. మా కూలికి ఒకటిన్నర రెట్లు! సంగతి అర్థమై అతనే తల దించుకున్నాడు. "నీదేమి తప్పు నాయనా, టీ తాగు" అని రాజక్క నేరుగా యజమాని గదికి నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"వాడు మగోడు రాజమ్మా, వానికి సంసారముంది" అన్నాడాయన.

"నాకుండేది ఏమి సామీ, సర్కసా?"

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. ఆయనకు మండింది. నన్ను బయటికి పొమ్మని తలుపు వేసుకున్నాడు. కాసేపటికి రాజక్క వచ్చి షెడ్డు మధ్యలో నిలబడి, రాట్నాల మోతను మించి అరిచింది: "ఏమ్మే, నాకొక్కదానికి పెంచుతాడంట! మీకు చెప్పకూడదంట! చెప్పేసినాను!"

తర్వాత తన చోటుకు పోయి చేతులు కట్టుకుని కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరం తొట్లలోంచి చేతులు తీసేశాం. శేఖర్ కూడా తీశాడు. గూళ్లు మరీ ఉడికిపోతే దారం పాడవుతుంది. అందరినీ ఇంటికి పంపేస్తానని యజమాని కేకలేశాడు. మా ఇంట్లో నా కూలి తప్ప వేరే ఆధారం లేదు, నా చెయ్యి మళ్లీ తొట్టి వైపు పోబోయింది. రాజక్క నా వైపు చూసి కన్ను గీటింది. మధ్యాహ్నం కాకముందే ఆయన దిగొచ్చాడు. అందరికీ ఒకే కూలి అన్నాడు.

కసి మాత్రం పోలేదు. కొన్ని నెలలకు, చూపు తగ్గిందని వంకపెట్టి రాజక్కను మానిపించాడు. మేమంతా మళ్లీ పని వదిలి లేచి నిలబడ్డాం. ఆమె ఒప్పుకోలేదు. "నా కోసరం పిల్లోళ్ల కూడు పోగొట్టుకోవద్దండి. పెరిగిన సంబళం మళ్లా తగ్గనీయకండి, చాలు" అని ఒక్కొక్కరి తలా నిమిరి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం ఎవరికీ సహించలేదు.

మరుసటి ఏడాది హొగేనక్కల్ జలపాతం చూడ్డానికి వెళితే, అక్కడ తన చెల్లెలి అంగట్లో చేపలు వేయిస్తూ కనిపించింది. నన్ను చూడగానే గరిటె పట్టుకునే కౌగిలించుకుంది.

"ఇప్పటికీ ఆడోళ్లకూ మగోళ్లకూ ఒకటే సంబళమేనా?"

"అవునక్కా."

ఆమె మొహం విప్పారింది. "అట్లయితే ఇంకో ముక్క తిను" అని పెనంలోంచి పెద్దది తీసి నా ఆకులో వేసింది.

రాజక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనొక చిన్న కుట్టుపని షెడ్డు నడుపుతున్నాను. ఆడా మగా కలిసే కుడతారు. పోయిన వారం కొత్తగా చేరిన ఒకతను దగ్గరకొచ్చి, "అక్కా, సంబళం సంగతి పక్కకు పోయి మాట్లాడదామా?" అన్నాడు.

"ఇక్కడే అడుగప్పా. అందరూ విననీ" అన్నాను. నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది.