ఖానాపూర్‌కు చేరని కబురు

క్రైస్తవ బోధకులను తయారుచేసే మా వేద కళాశాలకు తొలి తెలుగు అధ్యక్షులు దేవసహాయంగారు. అంతకు ముందున్న వాళ్ళంతా దొరలే. పోయిన ఎండాకాలంలో ఆయన కాలం చేశారు. చలికాలం వచ్చేసరికి కళాశాల కమిటీవారు కూర్చుని, వార్షిక సంచికలో ఆయన జీవితం, కుటుంబం గురించి ఒక వ్యాసం ఉండాలని తీర్మానించి, ఆ పని నాకు అప్పగించారు. నేను అక్కడ తెలుగు చెబుతాను. పెళ్ళి కాలేదు కనుక సెలవుల్లో నాకు వేరే పనేమీ ఉండదని వారి నమ్మకం. ఆ నమ్మకం నిజమే.

జీవితం గురించి నాకు తెలియనిది లేదు. ఖానాపూర్ దగ్గర ఒక పల్లెలో మల్లయ్యగా పుట్టారు. ఇరవయ్యో ఏట బాప్తిస్మం తీసుకున్నారు. భార్య లచ్చవ్వను రమ్మంటే, ఆమె హృదయం కఠినపరచుకుని రానన్నది. ఆయన భార్యను, ఎడ్లను, ఊరిని విడిచి కాలినడకన కరీంనగర్ వచ్చారు. కొత్త విద్యార్థులకు ఏటా చెప్పే ప్రసంగం ఇది. చెప్పేవారి హుషారును బట్టి ఎడ్లు రెండు నుంచి ఆరు దాకా ఉంటాయి. తర్వాత సంఘంవారు మూడేళ్ళు చూసి, ఆ రోజుల్లో ఉన్న నియమం ప్రకారం ఆ పెళ్ళి చెల్లదని చెప్పి, మిషను బోర్డింగులో చదివిన సుందరమ్మగారితో ఆయనకు పెళ్ళి చేశారు.

ఇక కుటుంబం సంగతి అడుగుదామని సుందరమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నారు. నేను చెప్పింది విని, మిరపకాయలు సర్దడం ఆపకుండానే, ఆయన పోయినప్పుడు కబుర్లు ఎక్కడెక్కడికి వెళ్ళాయో తెలుసా అని అడిగారు. అన్ని సంఘాలకూ వెళ్ళాయి. సముద్రం అవతల ఉన్న ముసలి దొరకు కూడా వెళ్ళింది. ఖానాపూర్‌కు మాత్రం వెళ్ళలేదు.

"లచ్చవ్వ బతికే ఉన్నదట. ఇంకా గాజులు, మెట్టెలు పెట్టుకునే తిరుగుతున్నదట. మనం మన లెక్కల ఆమెను భార్య కాదనుకున్నం, ఆమె లెక్కల ఆమె భార్యనే గద. ఎవరన్న పోయి చెప్పాలె."

కాజీపేట రైల్వేలో పనిచేసే పెద్దకొడుకు ఇప్పుడవన్నీ ఎందుకన్నాడట. కమిటీవారిని అడిగితే ప్రార్థించమన్నారట. ఆమె ప్రార్థించారు, బస్సు టైము కూడా కనుక్కున్నారు. తోడుగా వస్తే కుటుంబం సంగతులన్నీ దారిలో చెబుతాననడంతో నేను ఒప్పుకున్నాను.

సోమవారం ఉదయం ఆరున్నరకు కరీంనగర్‌లో సర్కారు బస్సు ఎక్కాం. జగిత్యాలలో తొమ్మిదికి చాయ్ తాగాం. చాయ్ వేడిగా ఉంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అక్కడ బస్సు మారితే ఆర్మూరు దాకా సీటు దొరుకుతుంది గానీ, కిటికీకి అద్దం ఉంటుందని ఆశపడకూడదు. మెట్‌పల్లిలో తునికాకు వ్యాపారి ఒకాయన ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో మూట పెట్టుకుని ముసలావిడ, పక్కన పెళ్ళికాని మనిషి: ఆయన తనకు తోచింది తాను అనుకుని, పెండ్లికా అని అడిగాడు.

"చావుకు," అన్నారు సుందరమ్మగారు.

"అరెరె. ఎప్పుడయ్యింది?"

"పోయిన ఎండకాలం."

ఆయన కాసేపు ఆలోచించి, ముందు సీటు ఖాళీ కాగానే అందులోకి మారాడు.

సోన్ దగ్గర గోదావరి వంతెన మీద బస్సులో వాళ్ళంతా నీళ్ళలోకి పైసలు విసిరారు. సుందరమ్మగారు విసరలేదు. అప్పటికి ఆమె నాకు చెప్పిన కుటుంబ విశేషాలు ఇవి: ఆయనకు పులుసు ఇష్టం, పిల్లల పేర్లు ఎప్పుడూ తారుమారుగా పిలిచేవారు, ఖానాపూర్ పేరు ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి నిర్మల్‌లో దిగాం. సంఘంవారి గుడి పక్కనున్న గదిలో బస దొరికింది. మంచం ఒకటే ఉంది కనుక నేను అరుగు మీద సర్దుకున్నాను. బోధకుడు మంచివాడు. జొన్నరొట్టె, పప్పు పెట్టించాడు. లచ్చవ్వ ఉండే పల్లెకు దారీ ఆయనే చెప్పాడు. అంతా చెప్పాక, వెళ్ళవద్దన్నాడు. కబురు తెలిస్తే అక్కడ గాజులు తీయడం, బొట్టు చెరపడం జరుగుతాయని, అటువంటి చోట మనవాళ్ళు నిలబడకూడదని అధ్యక్షులవారే నియమాల్లో రాశారని భయంభయంగా గుర్తుచేశాడు.

"ఆయన గవి రాసేటప్పుడు చాయ పెట్టి ఇచ్చింది నేనే. నాకు ఎరుకే," అని ఆమె రొట్టె తుంచుకున్నారు.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు ఖానాపూర్ చేరి, అక్కడి నుంచి ఎడ్లబండి మాట్లాడుకుని పల్లెకు వెళ్ళాం. దేవసహాయంగారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియలేదు. మల్లయ్య అన్నా తెలియలేదు. లచ్చవ్వ అనగానే ముగ్గురు లేచి వచ్చి చూపించారు.

ఆమె వాకిట్లో కూర్చుని మక్కకంకులు ఒలుస్తున్నది. అరవై దాటిన మనిషి. నుదుట రూపాయంత బొట్టు, రెండు చేతులకూ పచ్చగాజులు. సుందరమ్మగారు జగిత్యాల నుంచి మనసులో సరిచూసుకుంటూ వచ్చిన మాటలు ఏవో ఉండాలి. అవేవీ బయటికి రాలేదు. కరీంనగర్ నుంచి వచ్చానని, మల్లయ్య ఇంటిదాన్నని మాత్రం చెప్పారు. లచ్చవ్వ ఒలవడం ఆపి ఆమె చీర వైపు చూసింది.

"తెల్లచీర కట్టినవేంది?"

"ఆయన పోయిండక్కా."

"ఎన్నడు?"

"ఎండకాలంల."

లచ్చవ్వ చేతిలోని కంకిని కుప్ప మీద పెట్టింది. తర్వాత బొట్టు మీద వేలు ఆనించుకుని, "ఇన్ని దినాలు రోజు పెట్టుకుంటనే ఉన్న. నేను ఒక్కలకు గూడ యాదికి రాలేదా?" అన్నది. గొంతు పెంచలేదు. నాకు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. సుందరమ్మగారు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చారు.

నేను వచ్చిన పని మరిచిపోయే రకం కాదు. కొంత తెరిపిన పడ్డాక, అప్పట్లో ఆయన రమ్మన్నప్పుడు ఎందుకు రానన్నారని అడిగాను. లచ్చవ్వ నన్ను అప్పుడే చూసినట్టు చూసింది.

"రానని ఎన్నడు అన్న? మా మామకు కాలు చెయ్యి పడిపోయె. నేను గూడ పోతె ముసలాయనకు గంజి ఎవరు పోయాలె? ఆయన పోయినంక వస్త అన్న."

ముసలాయనకు తొందర లేదు. తొమ్మిదేళ్ళు బతికాడు. పోయినప్పుడు కబురు పంపితే మల్లయ్య వచ్చాడు. డప్పులు కొడుతున్నారని దూరంగా నిలబడ్డాడు. మట్టి చేసినాక, తనకు పెళ్ళయిందని, ఒక కొడుకు కూడా ఉన్నాడని చెప్పి, సాయంత్రానికే తిరిగి వెళ్ళాడు. ఇది చెబుతున్నంతసేపూ లచ్చవ్వ కంకులు ఒలుస్తూనే ఉంది. ఆ ఏడు ఆయన ప్రచారయాత్రకని చెప్పి బయలుదేరితే, దారికి రొట్టెలు కట్టి ఇచ్చింది తానేనని సుందరమ్మగారు నాకు తర్వాత చెప్పారు.

ఈలోగా వాడకట్టు ఆడవాళ్ళు చేరారు. కబురు ఎప్పుడు అందితే అప్పుడే అన్నీ జరిపించడం అక్కడి పద్ధతి. ఒకరి గాజులు తీయవలసింది అప్పటికే భర్త పోయిన మరో ఆడదే కనుక, అలాంటి ముసలమ్మ ఒకామె ముందుకు వచ్చింది. లచ్చవ్వ ఆమెకు చేయి ఇవ్వలేదు. సుందరమ్మగారి వైపు చాపింది.

"నువ్వే తియ్యి చెల్లె. ఆయన దిక్కు నుంచి వచ్చింది నువ్వొక్కదానివే."

సుందరమ్మగారు నా వైపు చూశారు. నేను కంకుల కుప్పను శ్రద్ధగా పరిశీలించాను. ఆమె నీళ్ళచెంబు తెప్పించుకుని, ఆ చేతులు తడిపి, గాజులు ఒక్కొక్కటే పగలకుండా లాగి తీశారు. మెట్టెలు కూడా ఆమే తీశారు. మా నియమాల ప్రకారం ఎన్ని తప్పులు జరిగాయో నేను లెక్కపెట్టలేదు.

తానాలు అయ్యాక మాకు గట్క అనే మొక్కజొన్న సంకటి, చింతపండు చారు పెట్టారు. బాగుంది. బండివాడు తొందరపెడుతుంటే లచ్చవ్వ వాకిలి దాకా వచ్చింది.

"మీ బడిల నా మాట ఎవరన్న తీస్తరా చెల్లె?"

"తీస్తరక్కా. ఏటేటా తీస్తరు."

"ఏమని?"

నేను బండి వైపు తిరిగాను. సుందరమ్మగారు తడుముకోలేదు.

"పెనిమిటి ఇడిచిపోతె, మామకు గంజి పోసుకుంట ఉన్నదని."

"గట్లనా," అన్నది లచ్చవ్వ. అప్పుడు ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో నిర్మల్‌లో సుందరమ్మగారు ఆర్మూరు బస్సు ఎక్కాక, ఆయనతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని, ఇవాళ ఆడానని అన్నారు.

"దేవుని తోటి నేను చెప్పుకుంట. నేను అన్న మాట నిజం చేసుడు మాత్రం నీ పని."

కమిటీవారు ఒప్పుకోకపోవచ్చునన్నాను. కమిటీలో నలుగురి పెళ్ళిళ్ళకు తానే వంట చేశానని, ఎవరు ఒప్పుకోరో తానూ చూస్తానని అన్నారు.

ఖానాపూర్ వైపు చూడదగ్గ వింతలేవీ లేవు. బస్సులు తక్కువ, దుమ్ము ఎక్కువ. మా తొలి తెలుగు అధ్యక్షులు అన్నీ విడిచి బయలుదేరిన ఊరు అదేనని చెప్పుకుంటాం. మంచాన పడ్డ తండ్రిని ఎవరి చేతుల్లో పెట్టి బయలుదేరారో ఇన్నాళ్ళూ చెప్పుకోలేదు. మెట్‌పల్లి దాటాక కాగితం మోకాలి మీద పెట్టుకుని కుటుంబం అనే భాగం మొదలుపెట్టాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. ఏం రాశావని సుందరమ్మగారు అడిగితే పైకి చదివాను: "అధ్యక్షులవారి తండ్రిని తొమ్మిది సంవత్సరాలు సాకింది ఆయన భార్య లచ్చవ్వ."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ చదవమన్నారు. చదివాను.