చదువుకున్నందుకు డబ్బులు

డెన్మార్క్ నుంచి వచ్చిన ఓ విద్యార్థిని మిరప సాగు మీద ఏదో పరిశీలన చేస్తోందని, నాలుగు ఊళ్లు తిప్పమని మా పాత కాలేజీ సహోద్యోగి ఒకాయన ఫోన్ చేశాడు. అర్థశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, నాకు మాత్రం పనేముంది? సరేనన్నాను. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడం హాయిగానే ఉంది, ఆ మధ్యాహ్నం దాకా.

మా ఊరి పక్కనే కౌలుకి మిరప వేసిన ఒక కుటుంబం కల్లంలో కూర్చున్నాం. పరిచిన కాయలు ఇంకా ఎండక సగం పచ్చిగానే ఉన్నాయి. తల్లి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన కూతురు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, తల ఎత్తకుండా తనూ ఏరుతోంది. ఆ పిల్లకి మర్నాడే పరీక్షలు. ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు ఇంకా కాలేజీకి చేరలేదట. అది మీరే కడితేగాని హాల్‌టికెట్ ఇచ్చేది లేదని కాలేజీవాళ్లు అన్నారట. బతిమాలుకుందామని తండ్రి పొద్దున్నే బండేసుకుని వెళ్లాడు.

"ఇంత దూరం వచ్చి చదవాలంటే మీ వాళ్లకి చానా ఖర్చవుద్దేమో గదమ్మా?" అని తల్లి ఆ విదేశీ అమ్మాయిని అడిగింది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. తమకి ఫీజులుండవని ఆ అమ్మాయి అంది. అది నాకు తెలిసిందే. ఏ దేశం చదువు మీద ఎంత శాతం పెడుతుందో ఏళ్ల తరబడి పిల్లలకి నోట్సు చెప్పినదాన్ని. కానీ ఆ అమ్మాయి ఇంకో మాట కూడా అంది. తిండికీ గది అద్దెకీ ప్రభుత్వమే నెలనెలా డబ్బులిస్తుందట. మన ఊరికి బస్సుంది అన్నంత మామూలుగా అనేసింది. నా శాతాల్లో గది అద్దె కూడా ఉందని నేను ఏనాడూ అనుకోలేదు.

తర్జుమా చేసి చెప్పేసరికి తల్లి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయిని ఎంతో జాలిగా చూసింది.

"అయ్యో పాపం! అమ్మానాన్నా లేరా?"

ఉన్నారు, తండ్రి పళ్ల డాక్టరు.

"మరి ఏ కేటగిరీ అంట?"

ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. కాలేజీలో చేరిన వాళ్లందరికీ ఇస్తారని అంది ఆ అమ్మాయి.

"ఇన్‌కం సర్టిఫికెట్ అడగరా? డాక్టరు బిడ్డకీ ఇస్తారా? మేడంగారూ, మీరు సరిగ్గా అడగలా. మళ్లీ అడగండి."

మళ్లీ అడిగాను. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం కుదరలేదు. జవాబు మాత్రం మారలేదు.

వాళ్లు కొద్దిమంది, బోలెడు పన్నులు కడతారు, మనం కోట్లమందిమి అని క్లాసులో చెప్పే సమాధానం నోటిదాకా వచ్చింది. తాలుకాయలు ఏరుతున్న ఆ పిల్ల ముందు ఆ మాట అనడానికి సిగ్గేసి మింగేశాను. ఒళ్లు మండింది కూడా. ఎవరి మీదో చెప్పలేను.

అంతలో తండ్రి వచ్చాడు. బండి దిగుతూనే గోతాలు తెమ్మన్నాడు.

"సాయంత్రంలోగా కట్టాలంట. ఉన్నకాడికి ఊళ్లో యాపారికి ఏసేద్దాం."

"పచ్చికాయలయ్యా! సగం రేటుక్కూడా తీసుకోడు."

"తీసుకున్నకాడికే."

కూతురు అప్పుడు నోరు విప్పింది. "కాయలు ఎండనీ నాన్నా. నేను సప్లిమెంటరీలో రాసుకుంటాలే."

ఆ పిల్ల విదేశీ అమ్మాయి వైపు తిరిగి, నా సాయం లేకుండా శుభ్రమైన ఇంగ్లీషులో అడిగింది: "మీరు పరీక్ష రాయకపోతే ఏమవుతుంది?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించింది. ఎందుకు రాయలేదని అడుగుతారంది. ఒంట్లో బాగాలేదా అని కనుక్కుంటారంది. చాలాకాలం రాయకపోతే డబ్బులు ఆపేస్తారంది.

"అంటే మీ గవర్నమెంటుకి తెలుస్తుంది," అంది పిల్ల. తర్వాత నా వైపు చూసి తెలుగులో, "రేపు నేను రాయకపోతే ఎవరికి తెలుస్తుంది మేడం?" అంది.

తండ్రి అప్పటికే కాయల మీద వంగి దోసిళ్లతో ఎత్తుతున్నాడు.

"నాకు తెలుసుద్దమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "గోతం మూతి పట్టుకో."