సూర్యుడు ఆరిపోతాడని ఏడ్చిన పిల్ల

2023లో మహబూబాబాద్ దగ్గర ఒక బాలికల గురుకులంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చదువుతోనో హాస్టల్ బతుకుతోనో సతమతమయ్యే పిల్లలతో కూర్చుని మాట్లాడడం నా పని. ఎక్కువగా ఇంటి మీద బెంగ, పరీక్షల భయం. కావేరి మాత్రం నాకు అంతుపట్టలేదు.

కురవి పక్క తండా నుంచి వచ్చింది. చదివేది ఎనిమిదో తరగతే అయినా, పదో తరగతి లెక్కలు మనసులోనే చేసేది. ఒకరోజు సైన్స్ టీచర్ సూర్యుడు కూడా ఎప్పటికో ఆరిపోతాడని చెబితే, వెక్కివెక్కి ఏడ్చింది. క్లాసంతా నవ్వింది. నవ్విన ఒక అమ్మాయి మీదికి జామెట్రీ బాక్సు విసిరితే ఆమె నుదురు చిట్లింది.

"తెలివుంటె సరిపోతదా? ఇంకోసారి గిట్ల చేస్తె టీసీ ఇచ్చి పంపుడే," అన్నారు మా ప్రిన్సిపాల్ మేడం.

మా శిక్షణలో ఎమోషనల్ రెగ్యులేషన్ అనే మాట తరచూ వస్తుంది. ఉద్వేగం పొంగినప్పుడు అందులో కొట్టుకుపోకుండా నిలదొక్కుకోవడం అని అర్థం. మొదట నేర్పేది నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. కావేరికీ అదే చెప్పాను.

"ఊపిరి మెల్లగ పీల్చుకుంటె సూర్యుడు ఆరకుంట ఉంటడా మేడం?"

ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతోంది. ఆ ఏడుపు కోపమా, భయమా, దుఃఖమా అని అడిగితే, "నాకూ ఎరుకలేదు మేడం. అన్నీ ఒక్కపారే వస్తయి," అంది.

వాళ్లమ్మను పిలిపించాను. తల్లీకూతుళ్లు లంబాడీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి తల్లి నా చేతులు పట్టుకుంది.

"చిన్నప్పటి సంది గింతే మేడం. దేనికి ఏడుస్తదో మాకే సమజ్ కాదు. జర ఇంటికి పంపకుండ్రి. ఇంటికొస్తె సదువు బందైతది."

ఆ తర్వాత కారణం వెతకడం మానేశాను. "ఏడుపు వచ్చేముందు ఒంట్లో ఏమైతది?" అని మాత్రం అడిగాను. ఆలోచించి, "చెవులు ఉడుకైతయి," అంది. చెవులు వేడెక్కగానే ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లి, నల్లా కింద ముఖం కడుక్కుని రావచ్చని ప్రిన్సిపాల్‌ను ఒప్పించాను. కొన్నిసార్లు పనిచేసింది. కొన్నిసార్లు తడి ముఖంతోనే వచ్చి మళ్లీ అరిచేది. ఎందుకో తెలిసేది కాదు. వస్తువులు విసరడం మాత్రం ఆగింది.

చలికాలంలో జనగామలో లెక్కల పోటీకి తీసుకెళ్లాను. పరీక్ష మధ్యలో లేచి బయటికి వచ్చేసింది. పరీక్ష జరుగుతుండగా దగ్గరికి వెళ్లే వీలు లేదు. వరండా చివర నిలబడి చూస్తున్నాను. నల్లా దగ్గర భుజాలు కదిలేలా ఏడ్చింది. చున్నీతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను పరీక్ష అయ్యాక.

"ఒక లెక్క తప్పిచ్చిండ్రు మేడం. దానికి జవాబే లేదు. ఎవలూ అడుగుతలేరు, అందరు రాస్తనే ఉన్నరు."

"మరి?"

"ఏడ్చిన. మళ్ల పోయి, అది ఇడిసిపెట్టి మిగిలినయి చేసిన."

బహుమతి రాలేదు. టీసీ ఇచ్చే అవసరమూ రాలేదు. మా బడిలోనే పదో తరగతికి వచ్చింది. ఇందులో నా మాటలు ఎంత పనిచేశాయో, వయసు ఎంత పనిచేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఏడుపు ఆపించడమే నా పని అనుకునేదాన్ని. ఏడ్చిన పిల్ల తన కాళ్ల మీద తను తిరిగి వచ్చేదాకా తలుపు తీసి ఉంచడమూ పనేనని జనగామ వరండాలో తెలిసింది.